తొక్కని ముగ్గు

ఇనప గది దిగిన రోజున ఆడకూలీలందరూ చీపుళ్ళు పడేసి దాని చుట్టూ మూగారు. ప్రత్తిపాడు దాటాక నల్లరేగడి చేల మధ్యన రోడ్డు వెడల్పు చేస్తున్నారు. కొత్తగా కంకర పోసిన వారన, క్రేను గొలుసులతో ఎత్తి నెమ్మదిగా దించింది దాన్ని. ఆకుపచ్చ రంగు. నెత్తిన నీళ్ళ ట్యాంకు. తలుపు మీద ఆడమనిషి బొమ్మ. హెలెన్ అందరికన్నా ముందు మెట్టెక్కి లోపలికి తొంగి చూసింది.

"ఒసేవ్, అద్దం కూడా పెట్టారే! ఇంక రోజూ తల దువ్వుకుని మరీ పన్లోకి దిగొచ్చు."

"నీ మొహం చూసి అది పగలకపోతే చాలు," అంది సామ్రాజ్యం. అందరూ పకపకా నవ్వారు.

నవ్వరా మరి! పొద్దున్నే ఆటో ఎక్కి వచ్చినవాళ్ళు పొద్దుగూకేదాకా ఆ రోడ్డు మీదే. మగాళ్ళకేం, అటు తిరిగి నిలబడితే సరిపోతుంది. ఆడదానికి చాటు కావాలి. ఇన్నాళ్ళూ చలమయ్య గారి పత్తిచేనే వాళ్ళకి చాటు. భుజాలెత్తు పెరిగిన చెట్ల మధ్యకి ఇద్దరిద్దరు వెళ్ళి, ఒకళ్ళకొకళ్ళు కాపలా ఉండి వచ్చేవాళ్ళు. ఇప్పుడు పత్తి తీత అయిపోయింది. రేపో మాపో పత్తికట్టె పీకించేస్తానని ఆయన ముందే చెప్పాడు. చేను ఆయనది, వద్దనడానికి వీళ్ళెవరు? రోడ్డుకి రెండో వైపంతా మిరప. నడుమెత్తు కూడా ఉండదు, పైగా కోతలు సాగుతున్నాయి, ఎప్పుడు చూసినా జనమే. అందుకే ఆ ఆకుపచ్చ గదిని చూస్తే సామ్రాజ్యానికి పుట్టింటి నుంచి ఎవరో వచ్చినంత సంతోషమైంది.

సైటు మేనేజరు దుర్గాప్రసాద్ చప్పట్లు కొట్టి అందర్నీ దగ్గరికి పిలిచాడు.

"వినండమ్మా. మనది మామూలు రోడ్డు కాదు, గ్రీన్ రోడ్డు. పాత తారు గీకి మళ్ళీ వాడుతున్నామా? ప్లాస్టిక్ చెత్త కలుపుతున్నామా? వేపచెట్లు కొట్టకుండా రోడ్డు వంపు తిప్పామా? వీటన్నిటికీ పైనుంచి వచ్చి మార్కులేస్తారు. పనివాళ్ళకి సౌకర్యాలు ఉన్నాయా అని కూడా చూస్తారు. మార్కులు బాగా పడితే అవతలి రోడ్డు పని కూడా మన కంపెనీకే. అప్పుడు మీకే కదా పని!"

ఇందులో అబద్ధం ఏమీ లేదు. పాత రోడ్డుని మిషను గీకి పోస్తుంటే, ఆ ముక్కలే మళ్ళీ మరిగి కొత్త తారై వచ్చి పడుతుంటే సామ్రాజ్యానికే ముచ్చటేసింది. మిగిలిన అన్నం పారెయ్యకుండా పులిహోర కలిపే ఇల్లాలి పని అది. వేపచెట్ల కోసం రోడ్డు వంపు తిరిగిన రోజున ఆమె ఆ చెట్ల కిందే కూచుని అన్నం తిన్నది. మంచి పనిని మంచి పని అనడానికి ఆమెకేం అభ్యంతరం లేదు.

"సామ్రాజ్యం, నువ్వు శుభ్రమైన మనిషివి," అన్నాడు దుర్గాప్రసాద్, తాళంచెవి చేతిలో పెడుతూ. "ఇవ్వాళ్టి నుంచి నువ్వు గంప మొయ్యక్కర్లేదు. ఈ గది చూసుకో. రోజూ కడుగు. ఆఫీసరు వచ్చి చూసి వెళ్ళేదాకా మాత్రం ఎవరికీ తాళం తియ్యకు."

హెలెన్ మెట్టు దిగింది.

"వాడుకోడానికి కాకపోతే ఎందుకు తెచ్చారు సార్?"

"మీకేనమ్మా! ఎవరు కాదన్నారు? కొత్తది, ఇప్పుడే పాడు చేస్తే ఆఫీసరుకేం చూపించమంటావు? నాలుగు రోజులు ఓపిక పట్టండి. తర్వాత మీ ఇష్టం."

సామ్రాజ్యం మోకాళ్ళు అరిగిపోయి ఏడాది దాటింది. గంప నెత్తిన పెట్టుకుని లేచినప్పుడల్లా ఎముకలు కిర్రుమంటాయి. గంప మొయ్యక్కర్లేదన్న మాట చెవిన పడ్డాక ఆమెకి ఇంకేమీ వినపడలేదు. తాళంచెవి కొంగున ముడేసుకుని, "అలాగే సార్," అంది.

మర్నాడు అందరికన్నా ముందొచ్చి బిందెతో నీళ్ళు తెచ్చి గది కడిగింది. ఫినాయిల్ వేసి, అద్దం తుడిచి, పైన ట్యాంకు నింపారు కదా అని కొళాయి విప్పబోతే అది బిగుసుకుపోయి ఉంది. కొత్తది కదా అనుకుంది. బయటికొచ్చి చూస్తే గుమ్మం ముందు బోసిగా అనిపించింది. రోడ్డు అంచులు గీయడానికి తెచ్చిన ముగ్గుపిండి బస్తా పక్కనే ఉంది. గుప్పెడు తీసుకుని తలుపు వెడల్పునా చక్కగా చుక్కల ముగ్గు పెట్టింది. మరుగుదొడ్డి ముందు ముగ్గేమిటని హెలెన్ ఎగతాళి చేసింది గానీ, తన చేతికిచ్చిన గుమ్మం ముందు ముగ్గు లేకపోతే సామ్రాజ్యానికి తోచదు. దుర్గాప్రసాద్ దానికి ఫొటో తీసుకుని, "సూపర్! రోజూ ఇలాగే ఉండాలి," అన్నాడు.

ఆ రోజే చలమయ్య గారి ట్రాక్టరు పత్తిచేలో దిగింది. ఆడవాళ్ళు తారు కొట్టబోయే కంకర మీద దుమ్ము ఊడుస్తూనే అటు చూస్తున్నారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని, నడుం వంచి, గట్టి చీపుళ్ళతో రాయి కనపడేదాకా ఊడవాలి. ఆ రెండు చేతుల పని చేస్తూనే, సాలు తర్వాత సాలు తమ చాటు పోవడం చూశారు. సాయంత్రానికి చేను బోడిగా మిగిలింది. అటు దూరాన కరెంటు స్తంభాల దాకా నల్లటి నేల, అందులో నెర్రెలు, అంతే. కుక్క పోయినా కనపడుతుంది.

టెంటు కింద చల్లటి మంచినీళ్ళ క్యాన్లున్నాయి. అవీ మార్కుల కోసం తెచ్చినవే. రోజూ కొత్తవి వస్తాయి, సగానికి పైగా నిండుగానే వెనక్కి పోతాయి. మగవాళ్ళు తాగినంత తాగుతారు. ఆడవాళ్ళు పొద్దున ఇంటి దగ్గరే గ్లాసుడు టీ కూడా మానేసి వస్తున్నారు. ఎండేమో నెత్తి మాడ్చేస్తోంది. ఒక పక్క మరిగే తారు సెగ, ఇంకో పక్క మిరప కల్లాల మీంచి ఘాటు. దగ్గొచ్చి గొంతు ఆర్చుకుపోతే నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మేస్తున్నారు తప్ప మింగడం లేదు. ఎదురుగా నీళ్ళు, ఎదురుగా గది, రెండూ తమ పేరు మీద వచ్చినవే. ఇంతకన్నా పచ్చి అన్యాయం ఉంటుందా?

సామ్రాజ్యం కూడా తాగడం లేదు. గది ముందు స్టూలు మీద కూచుని కాళ్ళు బిగపట్టుకుని ఉంటోంది. తాళంచెవి ఆమె కొంగునే ఉంది, అయినా తను కూడా లోపలికి వెళ్ళలేదు. అందరికీ లేనిది తనకెందుకు అనుకుంది. అలా అనుకోవడం న్యాయమేనని తనకి తనే చెప్పుకుంది.

జయకుమారి అందరిలోకీ చిన్నది. ప్రత్తిపాడు పల్లెలో వాళ్ళిల్లు. పోయిన ఏడాది దాకా మిరపకోతలకి వెళ్ళేది. చేతులు మండి రాత్రిళ్ళు నిద్రపట్టడం లేదని రోడ్డు పనికొచ్చింది. కట్టె పీకించిన మూడో నాడు అన్నాలప్పుడు వచ్చి సామ్రాజ్యం ముందు నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"పెద్దమ్మా, ఒక్కసారి తియ్యవా? పొత్తికడుపులో సూదులు పొడుస్తున్నట్టుంది. నిన్నట్నుంచీ మంట."

"సారు చూశాడంటే ఇద్దర్నీ ఇంటికి పంపిస్తాడే."

"చూడడు. అటు మిక్సింగు ప్లాంటు దగ్గరికి పోయాడు. నేనే కడిగేసి వస్తా. చుక్క నీళ్ళు కనపడనియ్యను."

సామ్రాజ్యం చెయ్యి కొంగు మీదకి పోయింది. ముడి దాకా పోయి ఆగింది. మోకాళ్ళు గుర్తొచ్చాయి. గంప గుర్తొచ్చింది.

"రేపే వస్తున్నాడంట ఆఫీసరు. ఈ పూటకి ఓర్చుకోవే తల్లీ. రేపట్నుంచి మనదే."

జయకుమారి పొత్తికడుపు పట్టుకుని వెనక్కి తిరిగింది. ఆ వెళ్ళిపోవడమే సామ్రాజ్యానికి చెంపదెబ్బలా తగిలింది. కాసేపటికి రోలరు వెనకాల కలకలం. రోలరు డ్రైవరు ఇంజను ఆపి, మర్యాదగా అటు దూరంగా నడిచిపోయాడు. హెలెనూ ఇంకో ముగ్గురూ చీర కొంగులు చాపి పట్టుకుని తెర కట్టారు. ఆ తెర మధ్యన జయకుమారి కూచుంది. సరిగ్గా అప్పుడే గుంటూరు యార్డుకి మిరప టిక్కీలు, బస్తాలకి బస్తాలు, వేసుకుని పోయే వ్యాను వచ్చింది. టిక్కీల మీద కూచున్న కుర్రాళ్ళు పైనుంచి చూసి ఈలలేశారు. ఒకడు ఫోను కూడా ఎత్తాడు.

"మీ అమ్మకి తియ్యరా ఫొటో! సచ్చినోడా!" హెలెన్ రాయి తీసుకుని విసిరింది. కొంగు వదిలేసరికి తెర కూలింది. జయకుమారి సగంలోనే లేచి నిలబడింది. ఆమె వ్యాను వంక చూడలేదు. ఆకుపచ్చ గది వంక చూసింది. దాని ముందు స్టూలు మీద సామ్రాజ్యం కూచుని ఉంది.

మర్నాడు జయకుమారి పనిలోకి రాలేదు. సామ్రాజ్యం చీకటితోనే వచ్చి గది కడిగి, ఆఫీసరు వస్తాడని పెద్ద ముగ్గే పెట్టింది. పెడుతుంటే హెలెన్ ఆటో దిగి వచ్చింది.

"జయకి రాత్రంతా చలిజ్వరం. ఒంటేలుకి పోతే నెత్తురు పడుతోందంట. ఆర్‌ఎంపీ సూదేసి, బిందెడు నీళ్ళు తాగమన్నాడంట. తాగి పన్లోకెట్టా పోనండీ అని అడిగిందంట పిచ్చిది." హెలెన్ ముగ్గు వంక చూసింది. "ముగ్గు బావుంది వదినా. చాలా బావుంది."

ఆ మాటకి సామ్రాజ్యం చేతిలో పిండి జారిపోయింది. ఛీ, ఇదీ ఒక బతుకేనా అనిపించింది. నాలుగు గంపలు తప్పించుకోవడానికి కూతురి లాంటి పిల్లని నడిరోడ్డు మీద కూచోబెట్టింది తను. ఎవరో చేశారని సరిపెట్టుకోవడానికి లేదు, తాళంచెవి తన ఒంటి మీదే ఉంది.

వచ్చిన ఆఫీసరు మగవాడు కాదు. రాజేశ్వరి అట, ఇంజనీరు. టోపీ, బూట్లు, మెడలో గుర్తింపు కార్డు. ఉత్తుత్తి చూపు చూసి పోయే రకం కాదని కాసేపటికే తెలిసింది. తారు లారీ ఎక్కి, వేడి కొలిచే పుల్ల తనే గుచ్చి చూసింది. పాత తారు ముక్కలు చేతిలోకి తీసుకుని నలిపింది. వేపచెట్ల వంపు దగ్గర ఆగి, "బాగా చేశారండీ," అంది మనస్ఫూర్తిగా. దుర్గాప్రసాద్ కొబ్బరిబోండాం తెప్పించాడు. వద్దంది. మజ్జిగ అన్నాడు. వద్దంది. ఎండకి ముఖం కందిపోయి ఉంది. సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, పెదాలు తడుపుకుని, ఒక్క గుక్క కూడా మింగకుండా మూత పెట్టేసింది. స్టూలు పక్కన నిలబడిన సామ్రాజ్యం అది చూసింది. ఆ తాగడం ఎలాంటిదో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు.

పొద్దెక్కాక రాజేశ్వరి ఆకుపచ్చ గది దగ్గరికి వచ్చింది. సామ్రాజ్యం తాళం తీసింది.

"ఇది ఎప్పట్నుంచి ఉంది?"

"మొదట్నుంచీ ఉంది మేడమ్," అన్నాడు దుర్గాప్రసాద్, తడుముకోకుండా.

"ఎవరెవరు వాడతారు?"

"ఆడవాళ్ళందరూ మేడమ్."

రాజేశ్వరి మెట్టెక్కబోయి కాలు ఆపింది. బూటు కింద ముగ్గు. ఒక్క గీత చెదరలేదు.

"ఇది ఎప్పుడు పెట్టారమ్మా?" అని సామ్రాజ్యాన్ని అడిగింది.

"పొద్దున్నే అమ్మా. పన్లోకి దిగకముందు."

"ఇంతసేపట్నుంచీ ఎవరూ లోపలికి వెళ్ళలేదా?"

దుర్గాప్రసాద్ నవ్వాడు. "మావాళ్ళకి శుచి ఎక్కువ మేడమ్. ముగ్గు తొక్కరు. దాటి వెళ్తారు."

వెనక నుంచి హెలెన్ 'హు' అంది. రాజేశ్వరి నవ్వలేదు. సామ్రాజ్యం వంకే చూస్తూ నిలబడింది. దుర్గాప్రసాద్ కూడా సామ్రాజ్యం వంక చూశాడు, నోరు మూసుకో అన్నట్టు. ఇంతకాలం సార్ అంటే సార్ అన్న మనిషి. ఈసారి సామ్రాజ్యం ఆగలేదు.

"ఎవ్వరం వాడలేదమ్మా. తాళం వేసి నన్నే కాపలా పెట్టారు. మీరు చూసి పోయేదాకా తియ్యద్దన్నారు. నిన్న ఒక పిల్ల అడిగితే నేనే తియ్యలేదు. ఇవ్వాళ దానికి నెత్తురు పడుతోంది."

చీపుళ్ళ చప్పుడు ఆగిపోయింది. రాజేశ్వరి సంచిలోంచి టాబ్ తీసి అటూ ఇటూ జరిపింది, ఏదో వెతుకుతున్నట్టు. తర్వాత చిన్న గొంతుతో అంది.

"ఇందులో ఉందా, లేదా అని మాత్రమే ఉందమ్మా. వాడనిస్తున్నారా అని లేదు."

ఉంది. వేలితో అదే నొక్కింది. అద్దం ఉంది, కొళాయి ఉంది, తలుపు మీద బొమ్మ ఉంది. లేనిదల్లా లోపల మనిషి, దానికి మార్కులు లేవు. తారు వేడి కొలవడానికి పుల్ల ఉంది, చెట్టు చుట్టుకొలత కొలవడానికి టేపు ఉంది. నీళ్ళు తాగకుండా రోజంతా బిగపట్టుకున్న ఆడదాని బాధ కొలవాలని మాత్రం ఇంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ తోచలేదు.

"ఈ క్షణం నుంచి వీళ్ళు వాడుకోవాలి," అంది రాజేశ్వరి దుర్గాప్రసాద్‌తో.

"తప్పకుండా మేడమ్. అది మీరు చెప్పాలా?"

ఆమె ఇంకా ముందుకి, తూముల్ని చూడ్డానికి జీపెక్కి వెళ్ళింది. జీపు దుమ్ము ఇంకా అణగకముందే అటు నుంచి లారీ, దాని వెనకే క్రేను వచ్చి గది పక్కన ఆగాయి. క్రేను డ్రైవరు పీరు దిగి గొలుసులు విదిలించాడు.

"ఎక్కడికి బాబూ?" అంది సామ్రాజ్యం.

"సత్తెనపల్లి వైపు రోడ్డు బిట్టుకి. రేపక్కడ ఇంకో ఆఫీసరు వస్తాడంట." పీరు కొక్కేల దగ్గర రంగు ఊడిపోయిన చోటు తట్టి చూపించాడు. "దీన్ని నేను ఎక్కించడం, దించడం ఎన్నోసారో లెక్కే లేదు పెద్దమ్మా. లోపల చెంబుడు నీళ్ళు పడగా ఒక్కనాడూ చూళ్ళేదు."

కొళాయి ఎందుకు బిగుసుకుపోయిందో సామ్రాజ్యానికి అప్పుడు అర్థమైంది. తిట్టాలనుకుంటే తిట్లు చాలలేదు. దుర్గాప్రసాద్ చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇటివ్వు సామ్రాజ్యం. నీ సంగతి తర్వాత చెప్తా."

ఆమె ఇవ్వలేదు. ముగ్గు మధ్యలోంచి, దాటకుండా, అరికాళ్ళు ఆనించి నడిచింది. మెట్టెక్కి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు అందరికీ వినపడింది.

"ఏయ్! ఏంటిది? పీరూ, గొలుసు తగిలించు!"

"లోపల మనిషుంది సార్," అన్నాడు పీరు.

"తగిలించమంటుంటే!"

"మనిషుండగా నేను ఎత్తను సార్. ఏదన్నా అయితే నన్ను కదా జైల్లో పెట్టేది." పీరు గొలుసు కింద పడేసి బీడీ ముట్టించాడు.

లోపల కొళాయి కీచుమంది. ఆగి, దగ్గి, తర్వాత ధారగా పడింది. సామ్రాజ్యం తీరిగ్గా బయటికొచ్చింది. మూతి తుడుచుకుంటూ మెట్టు దిగుతుంటే ఆమెకి రాసుకుంటూ హెలెన్ లోపలికి దూరింది. గడియ పడింది. హెలెన్ వెనక ఇంకొకామె నిలబడింది. ఆమె వెనక ఇంకొకామె.

"పని ఆపుతారా? అందర్నీ పీకేస్తా!" అని అరిచాడు దుర్గాప్రసాద్.

"పనెక్కడాగింది సార్?" అంది సామ్రాజ్యం. నిజమే, పని ఆగలేదు. వరసలో వంతు రానివాళ్ళు పోయి ఊడుస్తున్నారు. ఊడ్చినవాళ్ళు వచ్చి వరసలో నిలబడుతున్నారు. తారు లారీ వచ్చింది, మిషను పరిచింది, రోలరు నడిచింది. గది మాత్రం ఖాళీ అవలేదు. ఒకళ్ళు దిగడం, ఒకళ్ళు ఎక్కడం. నల్లమట్టి కాళ్ళతో ముగ్గు ఎప్పుడో చెదిరిపోయి బురదైపోయింది. లారీ డ్రైవరు నీడ చూసుకుని పడుకున్నాడు. సామ్రాజ్యం స్టూలు పక్కకి పెట్టి టెంటు కిందకి పోయింది. గ్లాసు నింపుకుని ఆగకుండా తాగింది. మళ్ళీ నింపింది. ఆమెని చూసి మిగతావాళ్ళూ క్యాన్ల చుట్టూ మూగారు.

హెలెన్ కబురు పంపితే మూడో జాములో జయకుమారి ఆటోలో వచ్చింది, దుప్పటి కప్పుకుని. వరసలో ఉన్నవాళ్ళు పక్కకి జరిగారు. సామ్రాజ్యం చెయ్యి పట్టుకుని మెట్టెక్కించింది.

"తాళం వెయ్యను లేవే," అంది. "నీ ఇష్టమొచ్చినంతసేపు ఉండు."

జయకుమారి ఆమె వంక చూసింది, కోపంగానే. అయినా చెయ్యి విడిపించుకోలేదు. తలుపు వేసుకుంది.

పొద్దు వాలుతుండగా తూముల దగ్గర్నుంచి జీపు తిరిగొచ్చింది. క్రేనూ లారీ చూసి ఆగింది. రాజేశ్వరి దిగి, ఇవెక్కడికని పీరుని అడిగి తెలుసుకుంది. కింద పడున్న గొలుసులు చూసింది, కొక్కేల దగ్గర ఊడిన రంగు చూసింది, గది ముందు బురద చూసింది, వరస చూసింది. దుర్గాప్రసాద్ పరిగెత్తుకొచ్చాడు.

"సర్వీసింగుకి పంపిద్దామని మేడమ్... వీళ్ళేమో ఊరికే..."

ఆమె విననట్టే నడిచి, నేరుగా వచ్చి వరసలో చివరన, చీపురు పట్టుకుని నిలబడ్డ ఆమె వెనకాల నిలబడింది.

"మేడమ్, మీకిక్కడెందుకు! గుంటూర్లో గెస్ట్‌హౌస్ రెడీగా ఉంది."

"పొద్దున ఆరింటికి బయల్దేరానండీ," అంది రాజేశ్వరి.

"ముందుకి రామ్మా, నువ్వు పోయి రా," అని ఆడవాళ్ళు దారి వదిలారు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"నా వంతొచ్చినప్పుడే వస్తాను. ఇదిక్కడ్నుంచి కదలదులెండి. కదిలితే రేపు సత్తెనపల్లి వచ్చే మా ఆఫీసరుకి కొక్కేల దగ్గర రంగు కూడా చూడమని చెప్తాను."

దుర్గాప్రసాద్ పీరు వైపు తిరిగి, "ఇంక క్రేను తీసుకుపో," అన్నాడు.

రాజేశ్వరి సంచిలోంచి నీళ్ళ సీసా తీసింది. పొద్దుటిదే, నిండుగా ఉంది. మూత తిప్పి, తల పైకెత్తి, గుటగుటా తాగింది. గడ్డం మీంచి కారి చొక్కా తడిసినా ఆపలేదు. ఖాళీ సీసా పట్టుకుని చుట్టూ చూస్తే సామ్రాజ్యం వచ్చి దాన్ని అందుకుంది.

"ఇంకో సీసా నింపుకొస్తానుండమ్మా," అంటూ క్యాను దగ్గరికి నడిచింది.